కాలిఫోర్నియాలో కొట్టు తెరిచే ముందు పార్కింగ్ కొలవండి

ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో బిర్యానీ సెంటర్, స్వీట్ షాపు, ఇండియన్ గ్రోసరీ పెట్టాలనుకునే మనవాళ్లు అద్దె గురించి, హెల్త్ పర్మిట్ గురించి, వంటవాళ్ల గురించి నలుగురినీ అడుగుతారు. వికలాంగుల యాక్సెస్ కేసుల సంగతి, అంటే షాపులోకి వికలాంగులు రావడానికి వీలుగా లేదని వేసే దావాల సంగతి మాత్రం కోర్టు కాగితం చేతికొచ్చాకే తెలుస్తుంది. అప్పటికి చట్టం ఇచ్చే రక్షణల్లో సగం చేజారిపోయి ఉంటాయి.

ఈ కేసులు అక్కడే ఎక్కువ కావడానికి కారణం ఉంది. 1990లో వచ్చిన ఫెడరల్ వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ (అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్) కింద ఒక కస్టమర్ షాపు మీద దావా వేస్తే, కోర్టు లోపం సరిచేయమంటుంది, అతని లాయరు ఫీజు కట్టమంటుంది. అతనికి పరిహారమేమీ రాదు. కాలిఫోర్నియాలో దానికి తోడు 1959 నాటి రాష్ట్ర పౌరహక్కుల చట్టం అన్‌రూ ఉంది. ఏడీఏని ఉల్లంఘిస్తే దీన్నీ ఉల్లంఘించినట్టే. దీని కింద కనీస పరిహారం ఒక్కో సందర్భానికి 4,000 డాలర్లు, లాయరు ఫీజు అదనం. అందుకే ఒకే మనిషి పేరుతో, ఒకే లా ఆఫీసు నుంచి వీధిలోని షాపులన్నిటికీ వరసగా నోటీసులు వస్తుంటాయి. 2021లో శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో చిన్న షాపులవాళ్లు ఇలాగే ఇబ్బంది పడ్డారు. మరుసటి ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలిస్ డిస్ట్రిక్ట్ అటార్నీలు (ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు) ఇలాంటి కేసులు వేసే ఒక లా ఆఫీసు మీదే దావా వేశారు. కోర్టు కొట్టేసింది. 2023లో అప్పీలు కోర్టు కూడా దాన్నే సమర్థించింది. కాబట్టి ‘వీళ్లంతా డబ్బు కోసం వేసేవాళ్లు, జడ్జిగారికి చెబితే సరిపోతుంది’ అని ధీమాగా ఉండకండి. వేసినవాడి ఉద్దేశం ఏదైనా, వీల్‌చెయిర్‌లో వచ్చిన మనిషి నిజంగానే మీ షాపులోకి రాలేకపోతే మీ దగ్గర జవాబు ఉండదు.

జాగ్రత్త లీజు దగ్గరే మొదలవ్వాలి. ఆ స్థలాన్ని క్యాస్ప్ తనిఖీ చేశారో లేదో లీజులో రాయాలని కాలిఫోర్నియా చట్టమే చెబుతోంది. క్యాస్ప్ అంటే రాష్ట్రం సర్టిఫికెట్ ఇచ్చిన యాక్సెస్ నిపుణుడు. తనిఖీ జరిగి ఉంటే రిపోర్టు అడిగి చదవండి. పార్కింగ్ బాగు చేయించే ఖర్చు ఎవరిదో లీజులో స్పష్టంగా రాయించుకోండి. అలా రాసుకున్నా దావా వేసేవాడు మిమ్మల్నీ, ఓనర్‌నీ ఇద్దర్నీ లాగొచ్చు. ఆ రాత మీరిద్దరూ లెక్క తేల్చుకోవడానికే పనికొస్తుంది. ‘బిల్డింగ్ పాతది, మనకు వర్తించదు’ అని బ్రోకర్ అంటే నమ్మొద్దు. పాత బిల్డింగ్ అయినా, పెద్ద ఖర్చూ కష్టమూ లేకుండా తీసేయగలిగిన అడ్డంకులు తీసేయాల్సిందే. సిటీ ఇన్‌స్పెక్టర్ పాస్ చేశాడన్నా అంతే, ఆ ఒక్క మాటతో కేసు ఆగదు.

క్యాస్ప్ తనిఖీ కేసు రాకముందే చేయించుకోవాలి. 50 మందికి మించి ఉద్యోగులు లేని వ్యాపారమైతే, తనిఖీలో బయటపడిన లోపాలను 120 రోజుల్లోపు సరిచేసుకుంటుండగా కేసు వచ్చినా, షరతులకు లోబడి ఆ కనీస పరిహారం నుంచి రక్షణ దొరుకుతుంది. కేసు వచ్చాక చేయించిన తనిఖీకి ఈ బలం ఉండదు.

అన్నిటికన్నా ముందు పార్కింగ్ చూడండి. కారు దిగకుండానే కనిపించే లోపాలు అక్కడే ఉంటాయి. కార్లు నిలిపే గళ్లు 25 వరకు ఉన్న పార్కింగ్‌లో కనీసం ఒకటి వికలాంగులదై ఉండాలి, అదీ వ్యాన్‌కు సరిపోవాలి. గడి వెడల్పు 9 అడుగులైతే పక్కన చారలు గీసిన ఖాళీ 8 అడుగులు ఉండాలి. గడి 12 అడుగులైతే ఖాళీ 5 అడుగులు చాలు. ఆ ఖాళీలో ‘నో పార్కింగ్’ అని 12 అంగుళాల అక్షరాలతో రాసి ఉండాలి. బోర్డు మీద కనీస జరిమానా 250 డాలర్లు అని కనబడాలి. ఎక్కువమంది దెబ్బ తినేది వాలు దగ్గర. గడిలో గానీ చారల ఖాళీలో గానీ ఎటు చూసినా 48 అంగుళాలకు ఒక అంగుళం మించి వాలు ఉండకూడదు. అది కంటికి తెలియదు, డిజిటల్ లెవల్ పెట్టి చూడాలి. ఫుట్‌పాత్ ఎక్కడానికి పోసిన సిమెంటు ర్యాంపు చారల ఖాళీలోకి పొడుచుకొస్తే అదీ తప్పే.

లోపల బిల్లింగ్ కౌంటర్‌లో ఒక భాగం 34 అంగుళాల ఎత్తు మించకూడదు. తలుపు తెరిచినప్పుడు 32 అంగుళాల దారి ఉండాలి. బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలు బిగించాలి, సింకు కింద పైపులకు తొడుగు వేయించాలి. ఇదంతా ఒకసారి చేస్తే అయిపోతుంది. రోజూ చెడేవి వేరే ఉన్నాయి: నడిచే దారిలో పేర్చిన సోనా మసూరి బస్తాలు, బాత్‌రూమ్‌లో పెట్టిన మాప్ బకెట్, చారల ఖాళీలో వదిలేసిన షాపింగ్ కార్టులు. కొలతలన్నీ సరిగ్గా ఉన్న షాపు కూడా శనివారం సాయంత్రం రద్దీలో ఇలాంటి వాటికి దొరికిపోతుంది. పనివాళ్లకు గట్టిగా చెప్పి పెట్టండి. మోటెల్ నడిపేవాళ్లయితే రూముల్లో ఏ సౌకర్యాలున్నాయో బుకింగ్ పేజీలో వివరంగా రాయాలి. గదులు బాగానే ఉండి, ఆ రాతలు లేక కేసులు వచ్చినవాళ్లున్నారు.

ఇంత చేసినా కాగితం వస్తే టెన్షన్ పడి పక్కన పడేయకండి. స్టేట్ కోర్టులో మామూలుగా 30 రోజుల్లో, ఫెడరల్ కోర్టులో 21 రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే ఏకపక్షంగా తీర్పు వచ్చేస్తుంది. కేసు వేయకముందు లాయరు పంపే లేఖలో డబ్బు అడగకూడదని కాలిఫోర్నియా చట్టం. అడిగితే ఆ లేఖ దాచిపెట్టండి. ఉన్నది ఉన్నట్టు తేదీతో ఫొటోలు తీయండి, వెంటనే పని మొదలుపెట్టండి. చెరిగిన పెయింటు, బోర్డుల్లాంటి కొన్ని చిన్న లోపాలను చిన్న వ్యాపారులు 15 రోజుల్లో సరిచేస్తే ఆ పరిహారం తప్పించుకోవచ్చు. 25 మందిలోపు ఉద్యోగులు, సగటున ఏడాదికి 35 లక్షల డాలర్లలోపు రాబడి ఉన్నవాళ్లు మిగతావి 30 రోజుల్లో సరిచేస్తే 4,000 కాస్తా 2,000 అవుతుంది. ఈ గడువులన్నీ కాగితం అందిన రోజు నుంచే నడుస్తాయి. కాబట్టి ఇలాంటి కేసులు చూసిన లాయర్‌ని ఆ వారంలోనే పట్టుకోండి.

రాజీకి డబ్బు కట్టేసి లోపాన్ని అలాగే వదిలేసేవాళ్లున్నారు. అది అన్నిటికన్నా ఖరీదైన పని. రాజీ ఆ ఒక్క మనిషితోనే, వచ్చే నెల ఇంకొకరు అదే ర్యాంపు మీద కేసు వేయొచ్చు. బాగుచేయించిన ఖర్చులో కొంత టాక్సులో తిరిగొస్తుంది. 30 మందికి మించి ఉద్యోగులు లేని వ్యాపారానికి గానీ, రాబడి 10 లక్షల డాలర్లు దాటని వ్యాపారానికి గానీ, 250 డాలర్ల నుంచి 10,250 డాలర్ల మధ్య పెట్టిన ఖర్చులో సగం, అంటే ఏడాదికి 5,000 డాలర్ల వరకు ఫెడరల్ క్రెడిట్ ఉంది. ఫారం 8826 వేయమని మీ సీపీఏకి (టాక్సు లెక్కలు చూసే అకౌంటెంటుకి) గుర్తు చేయండి, కాంట్రాక్టరు బిల్లులో యాక్సెస్ పనులు విడిగా రాయించుకోండి.