పాత రంగు గీకించే ముందు: పిల్లలున్న ఇళ్లలో జాగ్రత్తలు

సంక్రాంతికి కొత్త రంగులు వేయించడానికి తలుపులు, కిటికీ చువ్వల మీది పాత ఎనామిల్ పెయింటును గీకించేటప్పుడు, ఆరేళ్లలోపు పిల్లలను, గర్భిణులను పని ముగిసి ఇల్లు కడిగేదాకా వేరేచోట ఉంచాలి.

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం (లెడ్) 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది కనుక, అంతకుముందు వేసిన రంగులో సీసం ఉందనే అనుకోవడం క్షేమం. కడుపులోకి వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎదిగే మెదడును దెబ్బతీసి ఏకాగ్రతను, నేర్చుకునే శక్తిని తగ్గిస్తుంది.

ఎమరీ పేపరుతో పొడిగా రుద్దనివ్వకండి, తడిపాకే గీకించండి. మంటతో కాల్చడం అసలే వద్దు. పెచ్చులను చీపురుతో ఊడిస్తే ధూళి లేచి మళ్లీ కిటికీ గట్ల మీదే వాలుతుంది (పిల్లల వేళ్లకు అంటుకుని నోట్లోకి వెళ్లేది అదే), కాబట్టి సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడవాలి. పనిచేసినవారు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోవాలి.