తప్పు ఖాతాకు వెళ్లిన డబ్బును రాబట్టుకునే దారి

రొయ్యల మేత డీలరు బిల్లు వెనక బాల్‌పెన్నుతో రాసిచ్చిన ఖాతా నంబరులో చివరి నుంచి మూడో అంకె ఏడు. నేను దాన్ని ఒకటిగా చదివాను. బ్యాంకు యాప్ నంబరును రెండుసార్లు కొట్టమంది కానీ, రెండుసార్లూ అదే కాగితం చూసి కొట్టినవాడికి ఆ జాగ్రత్త వల్ల ఏం లాభం? ఇందుకూరుపేట దగ్గరి మా గుంటలకు రావలసిన మేత తాలూకు రూ. 48,000, రెండో శనివారానికి ముందు రోజు సాయంత్రం, ఎవరో తెలియని మనిషి ఖాతాలో పడింది. అది తిరిగి నా ఖాతాకు చేరడానికి 26 రోజులు పట్టింది. అందులో కనీసం నాలుగు రోజులు నా తెలివితక్కువతనం వల్ల పోయినవే. ఆ పొరపాటు మరొకరు చేయకుండా, ఏ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, పేరు సరిగ్గా రాసినా డబ్బు వేరేవారికి ఎలా వెళుతుందన్న సందేహం తీర్చుకోవాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో వచ్చే సొమ్మును జమ చేసేటప్పుడు బ్యాంకులు ఖాతా నంబరు ఒక్కదాన్నే ఆధారంగా తీసుకోవచ్చని, నంబరును సరిగ్గా ఇవ్వవలసిన బాధ్యత పంపేవారిదేనని రిజర్వు బ్యాంకు 2010 అక్టోబరులో స్పష్టం చేసింది. అందుచేత ‘పేరు సరిపోలలేదు కదా, ఎలా జమ చేశారు’ అని కౌంటరు దగ్గర వాదించడం వల్ల కాలయాపన తప్ప ప్రయోజనం లేదు. మనమే ఫారం సరిగ్గా నింపి ఇచ్చినా కౌంటరులోని ఉద్యోగి నంబరు తప్పు కొట్టి ఉంటే మాత్రం విషయం పూర్తిగా వేరు. అప్పుడు తప్పు బ్యాంకుది, సరిదిద్దవలసిందీ బ్యాంకే. చలానా రెండో సగం మీ దగ్గర ఉంటే అది రుజువవుతుంది కనుక దాన్ని పారేయకండి.

తరువాత, డబ్బు నిజంగా ఎవరికైనా చేరిందా లేదా అన్నది చూడాలి. మీరు కొట్టిన నంబరుతో ఆ బ్యాంకులో ఖాతాయే లేకపోతే సొమ్ము దానంతట అదే వెనక్కి వస్తుంది. నెఫ్ట్ (ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు విడతలవారీగా, అంటే బ్యాచ్‌లుగా, డబ్బు పంపే పద్ధతి) ద్వారా పంపినదైతే, జమ చేయలేని సొమ్మును ఆ బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లోగా తిప్పి పంపాలన్నది నియమం. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ (ఏ బ్యాంకు, ఏ బ్రాంచి అన్నది తెలిపే సంకేతం) వల్ల వచ్చే చిక్కులు కూడా ఎక్కువగా ఈ కోవలోవే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది తరచుగా ఎదురయ్యే సమస్య. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోనూ 2020 ఏప్రిల్ 1న కలిసిపోయాయి. ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. పెట్టెలో దాచిన పాత పాస్‌బుక్ చూసి కోడ్ కొడితే లావాదేవీ సాధారణంగా విఫలమవుతుందే తప్ప పరాయివారికి చేరదు. కాబట్టి యాప్‌లో ‘పెండింగ్’ అనో ‘ఫెయిల్డ్’ అనో కనిపిస్తే కంగారుపడి మళ్లీ పంపకుండా కాస్త ఆగండి. ‘సక్సెస్’ అని కనిపించి, మీరు పంపదలచినవారు డబ్బు తమకు అందలేదని చెబితేనే అసలు పని మొదలవుతుంది.

ఆ క్షణం నుంచి మీకు అన్నిటికంటే విలువైనది ఆ లావాదేవీ నంబరు. నెఫ్ట్‌కు 16, పెద్ద మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్‌కు 22 అక్షరాలు, అంకెలు కలిసిన యూటీఆర్ నంబరు ఉంటుంది. అప్పటికప్పుడు డబ్బు చేరే ఐఎంపీఎస్, యూపీఐలకు 12 అంకెల రెఫరెన్సు నంబరు ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని, తెరను ఫొటో తీసి, వెంటనే బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలి. ఆ ఫోన్ నంబరును డెబిట్ కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో, బ్యాంకు యాప్‌లోనో చూసి తీసుకోవాలి. గూగుల్‌లో వెతికితే ముందు దొరికేది మోసగాళ్లు పెట్టిన నంబరు కావచ్చు. అప్పటికే డబ్బు పోయి కంగారులో ఉన్న మనిషే వాళ్లకు కావలసినది. కస్టమర్ కేర్‌వారు ఫిర్యాదు సంఖ్య ఇస్తారు. అది లేకుండా ఫోన్ పెట్టేయకండి. సెలవు రోజైనా, అర్ధరాత్రయినా ఈ ఒక్క పని మాత్రం వాయిదా వేయకూడదు. అవతలివారి ఖాతా నుంచి నెల వాయిదాలేవైనా వాటంతట అవే కట్ అయ్యే ఏర్పాటు ఉంటే, మీ డబ్బు వారికే తెలియకుండా వారి అప్పుకు జమ కావచ్చు.

బ్యాంకు తెరిచిన మొదటి రోజే మీ ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్లి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. డబ్బు చేరిన బ్యాంకుకు నేరుగా పరుగెత్తవద్దు. మీరు వారి ఖాతాదారు కారు కాబట్టి వారు మీతో మాట్లాడరు. దరఖాస్తు తెలుగులో రాసినా సరిపోతుంది. నేను ఇచ్చినది దాదాపు ఇలా ఉంది:

“మేనేజరు గారికి, నా ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీ సాయంత్రం 6.40కి మొబైల్ బ్యాంకింగ్ ద్వారా రూ. 48,000 పంపాను. నేను పంపదలచిన ఖాతా నంబరు ఇది. పొరపాటున కొట్టిన నంబరు ఇది. లావాదేవీ నంబరు ఇది. కస్టమర్ కేర్ ఫిర్యాదు సంఖ్య ఇది. సొమ్ము చేరిన బ్యాంకుకు వెంటనే తెలియజేసి, ఆ ఖాతాదారు అంగీకారంతో సొమ్మును నాకు తిప్పి పంపే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. నా ఫోన్ నంబరును ఆ ఖాతాదారుకు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.”

దీనికి తెర ఫొటో ప్రింటు, పాస్‌బుక్ మొదటి పేజీ నకలు, డీలరు ఇచ్చిన బిల్లు నకలు జతచేశాను. సరైన నంబరునూ తప్పు నంబరునూ పక్కపక్కన రాయడం ముఖ్యం. ఒక్క అంకె తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తే అది పొరపాటేనని ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. చివరి వాక్యం ఎందుకు రాయాలో తరువాత చెబుతాను. ఇక నేను పోగొట్టుకున్న నాలుగు రోజుల సంగతి: సోమవారం దరఖాస్తు ఇచ్చి, నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోకుండా వచ్చేశాను. శుక్రవారం వెళ్లి అడిగితే, తీసుకున్న ఉద్యోగి సెలవులో ఉన్నాడు, కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మళ్లీ రాసి, ఈసారి రెండో ప్రతి మీద తేదీతో ముద్ర, సంతకం తీసుకున్నాను. పై అధికారులకు ఫిర్యాదు చేయవలసి వస్తే ముప్పై రోజుల లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే కాబట్టి, ఆ ముద్ర కోసం పావుగంట నిలబడినా తప్పులేదు.

ఇప్పుడు బ్యాంకు ఏం చేస్తుంది? మీ బ్రాంచి అవతలి బ్యాంకుకు సమాచారం పంపుతుంది. ఆ బ్యాంకు తన ఖాతాదారును పిలిచి విషయం చెబుతుంది. ఆయన ఒప్పుకుని సంతకం చేస్తే సొమ్ము తిరిగి వస్తుంది. కొన్ని బ్యాంకులు విషయం తేలేదాకా ఆ మేరకు సొమ్మును కదలకుండా ఆపి ఉంచుతాయి కనుక, అలా కోరమని మీ బ్రాంచిని అడగండి. ఖాతాదారు అంగీకారం లేకుండా అతని ఖాతాలోంచి సొమ్ము తీసే అధికారం బ్యాంకుకు లేదు. మనకు ఇది అన్యాయంగా తోస్తుంది గానీ, ఎవరో వచ్చి ‘నా డబ్బు పొరపాటున వెళ్లింది’ అనగానే మన ఖాతాలోంచి తీసి ఇచ్చేస్తే మనం ఊరుకుంటామా? అదే కారణంగా అవతలివారి పేరు, చిరునామా కూడా మనకు చెప్పరు. నా నంబరు వారికి ఇవ్వండి అని దరఖాస్తులో రాయడం అందుకే. వారి వివరాలు మనకు ఇవ్వడానికి బ్యాంకుకు అడ్డంకి ఉంది; మన వివరాలు వారికి ఇవ్వడానికి మన అనుమతి చాలు.

నాకు ఫోన్ చేసినాయన టంగుటూరు వైపు పొగాకు రైతు. “వేలంలో పోయిన బేళ్ల డబ్బులే పడినాయనుకున్నా అన్నా, బ్యాంకోళ్లు చెప్పిందాకా లెక్క చూసుకోలేదు. నీకు నేరుగా ఫోన్‌పే కొట్టమంటావా?” అని అడిగాడు. వద్దన్నాను. బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టి, బ్యాంకు ద్వారానే పంపమన్నాను. అలా చేస్తే రేపు ఆయనను మళ్లీ ఎవరూ అడగడానికి వీలుండదు, నా ఫిర్యాదూ సక్రమంగా ముగుస్తుంది. అవతలి మనిషిని దొంగలా చూడకుండా మాట్లాడటం మర్యాద కోసమే కాదు, పని జరగడానికి కూడా అవసరం. సంతకం పెట్టవలసినది ఆయనే. బ్యాంకుకు పోయి రావడానికి ఒక పూట పని మానుకోవలసిందీ ఆయనే.

యూపీఐలో పొరపాటు జరిగితే, వాడిన యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి సహాయం విభాగంలో ఫిర్యాదు నమోదు చేయాలి, బ్రాంచిలో కూడా రాసివ్వాలి. ఫోన్ నంబరుకు పంపినదైతే ఆ నంబరు మీ దగ్గరే ఉంది గనుక ఒకసారి మాట్లాడి చూడవచ్చు. వారు డబ్బు తిప్పి పంపుతామని చెప్పి మిమ్మల్ని పిన్ నొక్కమంటే మాత్రం వెంటనే ఆపేయండి. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం ఉండదు.

చాలామంది ఇక్కడే 1930కి ఫోన్ చేయమని సలహా ఇస్తారు. అది సైబర్ మోసాల కోసం పెట్టిన నంబరు. ఎవరో మోసగించి పంపించుకుంటే తప్పకుండా, నిమిషాల్లో చేయాలి. మన చేతులారా చేసిన పొరపాటును మోసమని అక్కడ రాయిస్తే, ఏ పాపం ఎరుగని రైతు ఖాతా స్తంభించిపోతుంది, మనం అబద్ధపు ఫిర్యాదు చేసినవాళ్లమవుతాం. దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంది: ఎవరో ఫోన్ చేసి ‘మీ ఖాతాలో పొరపాటున వేశాను, తిప్పి పంపండి’ అంటే, ముందు మీ ఖాతాలో నిజంగా జమ అయిందో లేదో స్టేట్‌మెంటులో చూడండి. మెసేజ్‌ను నమ్మవద్దు. నిజంగా జమ అయినా సరే మీ బ్యాంకు ద్వారానే రమ్మని చెప్పండి.

అవతలివారు ఇవ్వనంటే దారి మూసుకుపోదు, పొడవవుతుంది. మీ బ్యాంకు ఏమీ చేయకుండా ఊరకుంటే, ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల తరువాత, లేదా ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన సీఎంఎస్ పోర్టల్‌లో గానీ, చండీగఢ్‌లోని కేంద్రానికి తపాలా ద్వారా గానీ పంపవచ్చు. తపాలాలో పంపేది తెలుగులో ఉన్నా తీసుకుంటారు. సందేహాలకు 14448 ఫోన్ నంబరు ఉంది. అయితే అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు సేవలోని లోపాన్ని మాత్రమే. బ్యాంకు తన పని తాను చేసి, ఖాతాదారే మొండికేస్తే ఆ తగవు అక్కడ తేలదు.

ఆ తగవుకు ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 72వ సెక్షన్. పొరపాటున చెల్లించిన సొమ్మును పుచ్చుకున్నవారు తిరిగి ఇవ్వాలని అది చెబుతుంది. ఆ చట్టంలోనే ఉదాహరణ ఉంది: ఇద్దరు కలిసి ఒకరికి వంద రూపాయలు బాకీ. ఒకరు తీర్చేశారు, అది తెలియక రెండోవారు మళ్లీ కట్టారు. పుచ్చుకున్నవారు ఆ రెండో వంద తిరిగి ఇవ్వాలి. దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఇతరుల సొమ్మని తెలిసీ దురుద్దేశంతో వాడుకోవడం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. కానీ మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరం కాదది. అందువల్ల స్టేషనులో ఫిర్యాదు ఇస్తే కోర్టుకు వెళ్లమన్నారని నొచ్చుకోవద్దు.

చిన్న మొత్తాలకు దావా కంటే నెల్లూరులోనో ఒంగోలులోనో కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. అవతలివారు రాకపోతే బలవంతం చేయలేరు. అప్పుడే వకీలు దగ్గరకు పోవచ్చు.

ఇక ముందు జాగ్రత్త విషయానికి వస్తే, ఇప్పుడు పని కొంత సులువైంది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు పంపేముందు ఆ నంబరు ఎవరి పేరున ఉందో చూపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1లోగా కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. కొత్త ఖాతాను చేర్చేటప్పుడు ఆ పేరు చదవండి. నేను ఇప్పటికీ ఎంత తెలిసినవారికైనా ముందు ఒక్క రూపాయి పంపుతాను. మేత డీలరు మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు తనే ఫోన్ చేసి, “రూపాయి పడింది సార్, మిగతాది కొట్టండి” అంటాడు. బిల్లు వెనక ఏడు రాసేటప్పుడు మధ్యలో అడ్డగీత కూడా పెడుతున్నాడు.