వెజైనోప్లాస్టీకి ముందు అక్కడి వెంట్రుకలు తీయించుకోవడం: నొప్పి, తయారీ, జాగ్రత్తలు

వెజైనోప్లాస్టీకి, అంటే యోనిని కట్టే ఆపరేషన్‌కి, తేదీ ఖాయమయ్యాక వెంట్రుకలు తీసే లేజర్ సంగతి చూద్దాంలే అనుకునే ట్రాన్స్ మహిళలు చాలామంది. అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఎక్కువగా జరిగే పద్ధతిలో యోని లోపలి గోడకు సర్జన్ వాడేది పురుషాంగం మీది చర్మం, వృషణాల సంచి చర్మం. అందులో వెంట్రుక కుదురు బతికుంటే లోపలికి వెళ్లాక కూడా మొలుస్తూనే ఉంటుంది. అక్కడికి బ్లేడు పోదు, కత్తెర పోదు. వెంట్రుకలు ఉండకట్టి, స్రావం పట్టి, వాసన, మంట, మళ్లీ మళ్లీ ఇన్‌ఫెక్షన్. ఆపరేషన్ బల్ల మీదే చర్మం లోపలివైపు నుంచి కుదుళ్లను గీకి కాల్చేస్తామని కొందరు సర్జన్లు అంటారు. దాన్ని అదనపు జాగ్రత్తగానే చూడండి. ఆ రోజు వెంట్రుక లేకుండా నిద్రలో ఉన్న కుదుళ్లు కొన్ని తప్పించుకుంటాయి.

ముందుగా సర్జన్‌ని అడగాల్సింది ఒకటుంది: ఎక్కడెక్కడ తీయించాలి? మార్కర్‌తో గీయించుకుని మీ ఫోన్‌లోనే ఫొటో తీసి పెట్టుకోండి. సాధారణంగా సంచి అంతా, అంగం మొదలు చుట్టూ, కాడ మీద, సంచికీ మలద్వారానికీ మధ్య పట్టీ. పొత్తికడుపు కింది మెత్తటి భాగాన్ని వదిలేయొచ్చు, పైన వెంట్రుకలు ఉంటే ఇబ్బంది లేదు. పేగు ముక్కతోనో, కడుపు లోపలి పొరతోనో లోపలి గోడ కట్టే పద్ధతుల్లో తీయించాల్సిన మేర తగ్గుతుంది. లోతు లేకుండా పైరూపం మాత్రమే చేయించుకునేవాళ్లకు దాదాపు అవసరమే ఉండకపోవచ్చు. అవసరం లేనిచోట నొప్పి పడటం దండగ.

గడువు వెనక నుంచి లెక్కేయండి. ఏ రోజు చూసినా వెంట్రుకల్లో కొన్నే పెరిగే దశలో ఉంటాయి, దెబ్బ వాటికే గట్టిగా తగులుతుంది. అందుకే లేజర్ నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొత్తం పనికి ఏడాది నుంచి ఏడాదిన్నర పెట్టుకోండి. చివర్లో రెండు మూడు నెలలు ఏమీ చేయకుండా ఆగి, మళ్లీ ఏవైనా మొలుస్తున్నాయా అని చూసుకునే వ్యవధి ఉండాలి. ఆపరేషన్‌కి ముందు చర్మం మానడానికి ఎన్ని వారాలు వదలాలో సర్జన్ చెప్పిందే లెక్క.

లేజర్ నల్లరంగును పట్టుకుని కాలుస్తుంది. నెరిసిన వెంట్రుక, రాగిరంగు వెంట్రుక దానికి దొరకదు. వాటికి ఎలక్ట్రాలసిస్ ఒక్కటే దారి: ఒక్కో కుదురులోకి సన్నటి సూది దించి కరెంటుతో కాల్చడం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో కూడా శాశ్వతంగా తొలగించేది ఎలక్ట్రాలసిస్, లేజర్‌ది శాశ్వతంగా తగ్గించడం వరకే. మన ఊళ్లలో ఎలక్ట్రాలసిస్ చేసేవాళ్లు అరుదు కాబట్టి లేజర్‌తో ఒత్తు తగ్గించి, మిగిలిన వాటికి సూది పెట్టించుకోవడం నడిచే దారి. మన చామన ఛాయకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ భద్రమైనది. సంచి చర్మం ముఖం కన్నా, చేతి కన్నా ఎప్పుడూ నలుపే. గడ్డానికి పెట్టిన పవర్‌నే ఇక్కడా పెడితే బొబ్బలెక్కుతుంది. ముందు ఒక చిన్నచోట కొట్టి, రెండు రోజులు చూడమనండి. 'అక్కర్లేదమ్మా, మాకు అలవాటే' అనే చోట చేయించుకోకండి.

గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఎలక్ట్రాలసిస్ వద్దు. అక్కడ హెర్పిస్ పొక్కులు ఎప్పుడైనా వచ్చి ఉంటే, మచ్చలు కెలాయిడ్‌లా ఉబ్బే తత్వం ఉంటే, షుగర్ ఉంటే, రక్తం పలచబడే మందులు గానీ మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గానీ వాడుతుంటే ముందే చెప్పాలి. హెర్పిస్‌ను ఈ వేడి మళ్లీ లేపగలదు, డాక్టర్ ముందుగా మాత్ర రాస్తారు.

లేజర్‌కి నాలుగు నుంచి ఆరు వారాల ముందు నుంచీ వ్యాక్సింగ్, పట్టకారు, ఎపిలేటర్ అన్నీ బంద్. కుదురులో వెంట్రుక లేకపోతే లేజర్ దేన్ని కాలుస్తుంది? ముందురోజు షేవ్ చేసుకోండి: ట్రిమ్మర్‌తో కురచ చేసి, గోరువెచ్చటి నీళ్లలో మెత్తబరచి, కొత్త బ్లేడుతో, చర్మాన్ని చేత్తో బిగలాగి, వెంట్రుక వాలిన వైపే గీయాలి. వెంట్రుకలు పోయే క్రీములు అక్కడ వాడితే చర్మం కాలిపోవచ్చు. ఎలక్ట్రాలసిస్‌కి ఇది తిరగబడుతుంది. పట్టుకోవడానికి వెంట్రుక కాస్త బయటికి ఉండాలి కాబట్టి నాలుగైదు రోజుల ముందే షేవింగ్ ఆపేయాలి.

ఇక నొప్పి. లేజర్ దెబ్బ పోపులో ఆవగింజ ఎగిరి చేతిమీద పడ్డట్టుంటుంది, వరసగా పడుతూ ఉంటుంది. అంగం మొదట్లో, సంచి మధ్య గీత మీద ఎక్కువ. సూది నొప్పి గంటల తరబడి సాగుతుంది. దీన్ని తగ్గించుకోవచ్చు, తగ్గించుకోవాలి కూడా. పూర్తిగా చంపేయడం మాత్రం ప్రమాదం. చర్మం కాలుతోందని మొదట తెలిసేది మీకే. మొద్దుబారిపోయి పడుకుంటే పవర్ ఎక్కువైందని చెప్పేవాళ్లుండరు.

మందుల షాపులో ప్రిలాక్స్ లాంటి పేర్లతో దొరికే మత్తు క్రీమ్‌లో లిడోకైన్ 2.5 శాతం, ప్రిలోకైన్ 2.5 శాతం ఉంటాయి. చేతిమీద గంట సేపు పెట్టే క్రీమ్ ఇదే. పురుషాంగం చర్మం పలచన, మందును త్వరగా పీల్చేస్తుంది. అక్కడ 10 చదరపు సెంటీమీటర్లకు 1 గ్రాము, పావుగంట చాలు. చూపుడువేలి మొదటి కణుపు మేర పిండితే సుమారు అర గ్రాము. ట్యూబంతా పూసి, వంటింటి ప్లాస్టిక్ చుట్టి, ఆటోలో గంట ప్రయాణం చేసి వెళ్లడం చాలా ప్రమాదం. అమెరికాలో లేజర్‌కి ముందు కాళ్లకు గాఢమైన మత్తు క్రీమ్ పూసి చుట్టుకున్న ఇద్దరు యువతులు చనిపోయారు, 2007లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆన్‌లైన్‌లో వచ్చే పది శాతం క్రీములూ, టాటూ క్రీములూ కొనకండి. చెవుల్లో హోరు, నోటిచుట్టూ తిమ్మిరి, లోహం రుచి, కండరాలు అదరడం లిడోకైన్ మోతాదు మించిందనడానికి గుర్తులు. పెదాలు, గోళ్లు నీలిరంగుకు తిరిగి ఆయాసం వస్తే ప్రిలోకైన్ రక్తాన్ని చెడగొట్టినట్టు. ఏది కనిపించినా క్రీమ్ తుడిచేసి నేరుగా ఎమర్జెన్సీకి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు, కుష్టుకు ఇచ్చే డాప్సోన్ వాడేవాళ్లు ఈ క్రీమ్ జోలికే పోవద్దు. మత్తు ఇంజెక్షన్ డాక్టర్ చేతిలోనే, పార్లర్‌లో కాదు.

గంట ముందు పారాసిటమాల్ 500 లేదా 650 వేసుకోవచ్చు. హార్మోన్లతో పాటు స్పైరోనోలాక్టోన్ వాడుతుంటే ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోకండి. రెండూ కలిస్తే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, కిడ్నీ మీద భారం పడుతుంది. ముందురాత్రి మద్యం తాగొద్దు, నిద్ర పోండి, కడుపునిండా తిని వెళ్లండి. నిద్రలేని ఒంటికి అదే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

గదిలో ఏసీ చలికి సంచి ముడుచుకుపోతుంది, ఆ మడతల్లో లేజర్ ఒకచోట రెండుసార్లు పడి ఒకచోట అసలు పడదు. చాలాచోట్ల మీ చేతికే గ్లవ్ ఇచ్చి చర్మాన్ని వృషణం నుంచి పక్కకు లాగి పట్టుకోమంటారు. సిగ్గుపడకండి, పని శుభ్రంగా అయ్యేది అలాగే. ఐస్ దెబ్బ తర్వాతే, గుడ్డలో చుట్టి. క్రీమ్ ఏమాత్రం మిగలకుండా తుడవాలి, స్పిరిట్ రాస్తే పూర్తిగా ఆరాకే లేజర్. లేజర్ నుంచి కాపాడే కళ్లద్దాలు తప్పనిసరి. చూడటం, ముట్టుకోవడం కష్టంగా ఉంటే పని జరిగేచోటు తప్ప మిగతాది దుప్పటితో కప్పమనండి, తోడుగా ఒకరిని ఉంచమనండి, 'ఆపండి' అంటే వెంటనే ఆపాలని ముందే ఒప్పందం చేసుకోండి. అసంకల్పితంగా అంగం గట్టిపడవచ్చు. అది నరాల పని, తెలిసినవాళ్లు పట్టించుకోరు.

ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు ఎరుపు, కుదుళ్ల చుట్టూ చిన్న వాపు మామూలే. రెండు రోజులు టక్కింగ్ (అంగాన్ని వెనక్కి మడిచి బిగించడం), బిగుతు లోదుస్తులు, వేడినీళ్లు, జిమ్, కలయిక వద్దు. పలచటి నూలు లుంగీయో లంగాయో వేసుకోండి. విజయవాడ, విశాఖల ఉక్కపోతలో ఏప్రిల్, మే నెలల్లో చెమటకు కుదుళ్లు చీము పడతాయి, వీలైతే మొదటి సెషన్లు చలికాలంలో పెట్టుకోండి. పసుపు, టూత్‌పేస్టు రాయొద్దు. షాపువాడు ఇచ్చే మూడు మందులు కలిపిన తామర క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, గజ్జల్లో వారాలు రాస్తే చర్మం పలచబడి చారలు పడుతుంది. పెద్ద బొబ్బ, పాకే ఎరుపు, జ్వరం ఉంటే డాక్టర్. సంచి గట్టిపడి భరించలేని నొప్పి, నల్లబడటం, దుర్వాసన ఉంటే, షుగర్ ఉన్నవాళ్లు మరీ, అదే రాత్రి పెద్దాసుపత్రికి వెళ్లాలి.

లేజర్ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో వెంట్రుకలు మళ్లీ పెరుగుతున్నట్టు కనిపిస్తాయి. చాలావరకు అవి చచ్చిన వెంట్రుకలు, బయటికి రాలుతున్నాయి. పీకకండి, స్నానంలో అవే ఊడిపోతాయి.