స్కోప్ బొమ్మ తెర మీద కుదరకపోతే

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు 35 ఎంఎం రీలు ఆడించాలంటే దొరికేవి కల్యాణమండపం, బడి ఆవరణ, మిల్లు గోదాం. ప్రొజెక్టర్ బల్ల మీద ఉంటుంది, తెర తాళ్లతో కట్టి ఉంటుంది. ఇలాంటిచోట స్కోప్ లెన్స్‌తో (ఫిల్ము మీద నొక్కి ఉన్న బొమ్మను తెర మీద అడ్డంగా సాగదీసేది) వచ్చే తంటా ఎక్కువగా గాజులో ఉండదు, బిగింపులో ఉంటుంది. అందుకని ఏ స్క్రూ తిప్పకముందే స్కోప్ తీసేసి, దాని వెనక ఉండే ప్రొజెక్టర్ మామూలు లెన్స్ (వెనక లెన్స్) ఒక్కదానితో బొమ్మ వేసి చూడండి. తేడా అప్పుడూ ఉంటే స్కోప్ జోలికి వెళ్లొద్దు. ప్రొజెక్టర్‌నో తెరనో సరిచేయండి.

గీతలు ఒరుగుతున్నాయి, చక్రాలు వంకరగా ఉన్నాయి

నిలువుగీతలూ అడ్డగీతలూ ఒకే దిక్కుకు తిరిగితే బల్ల వాలినట్టు. కాలి కింద చెక్కముక్క పెడితే చాలు. నిలువుగీత కుడికి ఒరిగి, అదే సమయంలో అడ్డగీత కుడి కొస పైకి లేస్తే, లేదా రెండూ దానికి తిరగేసి ఉంటే, స్కోప్ తన గొట్టంలో తిరిగిపోయింది. బొమ్మను రెండింతలు సాగదీసే లెన్స్‌లో అడ్డగీత వాలు నిలువుగీత వాలులో సగమే ఉంటుంది. కాబట్టి నిలువుగీతనే చూసి సరిచేయాలి.

పనికిరాని ఫిల్ము ముక్కను లూపుగా అతికించి, స్టీలు స్కేలు ఆనించి, ఫ్రేము మధ్యగా సూదితో పొడవునా గీయండి. తెర ముందు దారానికి రాయి కట్టి వేలాడదీయండి. లూపు నడుస్తుండగా ఆ గీత దారానికి సమాంతరంగా వచ్చేదాకా స్కోప్‌ను తిప్పండి. ఫిల్మును ఆపి మాత్రం దీపం వేయొద్దు, కాలిపోతుంది. తర్వాత స్కోప్‌ను పట్టి ఉంచే రింగుకున్న మూడు స్క్రూలనూ కొంచెం కొంచెంగా వంతులవారీగా బిగించండి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే లెన్స్ పక్కకు జరిగి బొమ్మలో ఒక వైపు మసకబారుతుంది.

అక్షరాల్లో అడ్డగీత పదును, నిలువుగీత మసక

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. స్కోప్ సాగదీసేది అడ్డంగా మాత్రమే. అడ్డగీతల పదును వెనక లెన్స్ చేతిలో ఉంటుంది. నిలువుగీతల పదునుకు రెండు లెన్సులూ కలవాలి. ముందు ఫ్రేమింగ్ నాబ్ తిప్పి, రెండు ఫ్రేముల మధ్య ఉండే అడ్డగీతను తెర మీదికి తెచ్చి, వెనక లెన్స్‌తో దాన్ని పదును చేయండి. ఆ తర్వాత వెనక లెన్స్‌ను ముట్టుకోకుండా, ప్రొజెక్టర్ నుంచి తెరకు టేపుతో కొలిచిన దూరానికి స్కోప్ ఫోకస్ రింగు పెట్టి, సూదిగీతను చూస్తూ సన్నగా సవరించండి. వరస మార్చి మొదలుపెడితే రాత్రంతా తిప్పినా రెండూ కలవవు.

మూలల్లో చీకటి

రెండు లెన్సుల మధ్య ఎడం ఎక్కువైంది. గాజు గాజుకు తగలకుండా 2, 3 మిల్లీమీటర్ల దాకా దగ్గరికి తీసుకురండి. అప్పటికీ పోకపోతే వెనక లెన్స్ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకె) ఆ స్కోప్‌కు మరీ తక్కువ. ఆ అంకె ఇంకా ఎక్కువున్న లెన్స్ వేసి ప్రొజెక్టర్‌ను వెనక్కి జరపాలి.

ఆట నడుస్తుండగా ఫోకస్ జారుతోంది

ప్రొజెక్టర్‌లో వెనక లెన్స్‌ను పట్టే హోల్డర్ వ్యాసం 70.65 మిల్లీమీటర్లు, పాత లెన్స్‌ది 62.5 అయినప్పుడు సందులో కాగితమో టేపో చుట్టేస్తుంటారు. వేడికి అది మెత్తబడి లెన్స్ ముందుకు వాలుతుంది. లేత్ షాపులో అల్యూమినియం స్లీవ్ చేయించండి: గోడ మందం 4 మిల్లీమీటర్లకు కాస్త పైన, పొడవునా ఒకవైపు 2 మిల్లీమీటర్ల చీలిక. చీలిక లేకపోతే హోల్డర్ బిగించినా లోపలి లెన్స్‌కు పట్టు దొరకదు. స్కోప్ బరువు వెనక లెన్స్ మీద వేలాడకుండా కింద వి ఆకారంలో చెక్కిన దిమ్మ పెట్టండి.

వెలుగు చాలడం లేదు

తెర వెడల్పు లెక్క ఇది: దూరాన్ని గేటు (ఫిల్ము వెనక వెలుగు వచ్చే కిటికీ) వెడల్పుతో హెచ్చించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, రెండింతలు చేయాలి. గేటు 20.96 × 17.53 మిల్లీమీటర్లు, లెన్స్ 100 మిల్లీమీటర్లు, దూరం 20 మీటర్లు అయితే బొమ్మ దాదాపు 8.4 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు వస్తుంది. ప్రొజెక్టర్‌ను 16.7 మీటర్లకు తెస్తే వెడల్పు 7 మీటర్లకు తగ్గి, తెర మీద వెలుగు దాదాపు 1.43 రెట్లు అవుతుంది. ల్యాంపు మార్చే ఖర్చు కన్నా ముందు ఇది చేసి చూడండి.

ఫిల్ము స్కోప్‌ను డిజిటల్ ప్రొజెక్టర్‌కు పెడితే

16:9 బొమ్మ రెండింతలు సాగి 3.55:1 అవుతుంది, మనుషులు పొట్టిగా లావుగా కనిపిస్తారు. వెడల్పు ఎత్తుకు సరైన 2.39 రెట్లు రావాలంటే బొమ్మను ముందే నొక్కి 1290 × 1080 చుక్కల్లో ఇరికించాలి. అంటే ప్యానెల్‌లో (ప్రొజెక్టర్ లోపల బొమ్మ ఏర్పడే 1920 × 1080 చుక్కల పలక) 67 శాతమే వాడుకలో ఉంటుంది. లెన్సే లేకుండా పైనా కిందా నల్లపట్టీలతో వేస్తే 74 శాతం వాడుకలో ఉంటుంది. అందుకే డిజిటల్‌కు ఫిల్ము స్కోప్ పెట్టొద్దు. డిజిటల్‌కు కావలసింది అడ్డంగా 1.33 రెట్లే సాగదీసే లెన్స్, దానితోపాటు ప్రొజెక్టర్‌లో బొమ్మను నిలువుగా సాగదీసే సెట్టింగు.

చలికాలం బయట వేసినప్పుడు ముందు గాజు మీద తేమ

గుడ్డతో తుడిస్తే దుమ్ము రాసుకుని కోటింగు గీసుకుపోతుంది. దానంతట అదే ఆరనివ్వండి. తర్వాత సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో పెట్టండి, లేకపోతే వానాకాలానికి లోపల బూజు పడుతుంది.