సిస్టమ్ ఆగి ఆగి నడుస్తోందా? ఓఎస్ మార్చే ముందు ఆ ఎర్ర కేబుల్ చూడండి

రిపేరుకి సిస్టమ్ తెచ్చేవాళ్ళలో చాలామంది జబ్బు చెప్పరు, నేరుగా మందే చెప్పేస్తారు. "విండోస్ 11 తీసేసి మళ్ళీ 10 వేసేయండి", "లినక్స్ అయితే హ్యాంగ్ అవ్వదంట కదండీ, అది వేసి ఇచ్చేయండి". పాలకొల్లు నుంచి రాజోలు దాకా ఎవరిని కదిపినా ఇదే మాట. ఓఎస్‌ల (విండోస్, లినక్స్ లాంటి, సిస్టమ్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్ల) మధ్య తేడాలు లేవని కాదు, ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. కానీ నా బల్ల మీదకి వచ్చినవాటిలో నిజంగా ఓఎస్ మార్చాల్సినవి తక్కువ, ఊరికే మార్పించుకుని డబ్బులూ డేటా పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కువ. అందుకని ముందు లక్షణం సరిగ్గా పట్టుకోండి. "స్లో" అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి.

ఎప్పుడూ నిదానమే అయితే

ఆన్ చేసిన దగ్గర్నుంచి ఆపేదాకా ఒకే తీరుగా ఈడుస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్ చూడండి. మెమరీ దాదాపు నిండిపోయి ఉంటే ర్యామ్ చాలట్లేదు. విండోస్ 11కి కనీసం 4 జీబీ అని మైక్రోసాఫ్ట్ చెప్పింది, కానీ అది ఎక్కడానికి సరిపోయే లెక్క. క్రోమ్‌లో పది ట్యాబులు పెట్టుకుని పక్కన టాలీ నడపాలంటే 8 జీబీ వేయించండి. మెమరీ ఖాళీగానే ఉండి డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుంటే, దాని కింద హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) అని ఉంటే, ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్క్) వేయించండి. తిరిగే హార్డ్ డిస్క్ ఒక చోటు నుంచి ఇంకో చోటికి వెళ్ళి చదవడానికి ఇంచుమించు పది మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అంటే సెకనుకి వంద చోట్లు, ఇప్పటి విండోస్ ఆన్ అవుతూనే వేల చోట్ల వెతుకుతుంది. అదే డిస్క్ మీద లినక్స్ మింట్ కాస్త తేలిగ్గా నడుస్తుంది, నిజమే. కానీ ఎస్‌ఎస్‌డీ మీదున్న విండోస్ ముందు హార్డ్ డిస్క్ మీదున్న లినక్స్ నిలవదు.

బాగా నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోతుంటే

బిల్లు కొడుతుంటారు, ఉన్నట్టుండి ఆగిపోతుంది. మౌస్ కదులుతుంది గానీ ఎక్కడ నొక్కినా పలకదు. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం. తర్వాత మీరు విసుగొచ్చి నొక్కినవన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. ఈసారి టాస్క్ మేనేజర్ ముందే తెరిచి పక్కన పెట్టుకోండి, ఆగినప్పుడు డిస్క్ దగ్గర అంకెలు చూడండి. యాక్టివ్ టైమ్ 100 శాతం, రీడ్ స్పీడ్ సున్నా, రైట్ స్పీడ్ సున్నా. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఓఎస్‌ని వదిలేయండి. డిస్క్‌కి పని ఎక్కువైతే స్పీడ్ అంకెలు పైకీ కిందకీ కదులుతూనే ఉంటాయి. 100 ఉండి సున్నా ఉందంటే విండోస్ అడిగింది, అవతలి నుంచి జవాబు రావట్లేదు.

నేను గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే. ఒక రైస్ మిల్లు ఆఫీసు సిస్టమ్, దాళ్వా ధాన్యం దిగే రోజులు, గుమస్తా గారు సీపీయూని బండి మీద ముందు పెట్టుకుని తెచ్చారు. ఫార్మాట్ కొట్టి విండోస్ 10 కొత్తగా వేసి ఇచ్చాను, మూడు వారాలు సుబ్బరంగా నడిచింది, మళ్ళీ వచ్చింది. హార్డ్ డిస్క్ పోయిందనుకుని ఎస్‌ఎస్‌డీ వేశాను. పది రోజులు బాగుంది, మళ్ళీ వచ్చింది. ఈసారి నాకే విండోస్ మీద నమ్మకం పోయింది, టాలీ ఇంకో సిస్టమ్‌లో పెట్టుకోమని చెప్పి దీంట్లో మింట్ వేసి పంపాను. నెల తిరక్కుండా ఫోన్: "ఏవండీ, ఫైలు సేవ్ అవ్వట్లేదండి, రీడ్ ఓన్లీ అంటోంది. లోడు లెక్కలన్నీ ఇందులోనే ఉన్నాయండి." ఆ గొంతులో టెన్షన్ నాకింకా గుర్తుంది.

వెళ్ళి టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) కమాండ్ కొడితే ఎర్ర అక్షరాలు వరసగా దిగాయి. ఫెయిల్డ్ కమాండ్, హార్డ్ రీసెట్టింగ్ లింక్, ఇంకొంచెం కింద, లిమిటింగ్ సాటా లింక్ స్పీడ్ టు 3.0 జీబీపీఎస్. డిస్క్‌తో మాట పదే పదే తెగిపోతోంది, అందుకని లినక్స్ వేగం తగ్గించి మాట్లాడి చూస్తోంది. అప్పుడు మూత తీసి, బోర్డు నుంచి ఎస్‌ఎస్‌డీకి వెళ్ళే ఎర్ర సాటా కేబుల్ పీకి టార్చి వేసి చూశాను. మూతి లోపల ఏడు సన్నటి రేకులుంటాయి, మధ్యలో రెండు నల్లబడి ఉన్నాయి. పట్టి ఉంచాల్సిన ఇనప క్లిప్పు ఎప్పుడో ఊడిపోయింది, వేలితో తాకితేనే ఊగుతోంది. హార్డ్ డిస్క్ మార్చాను, ఓఎస్ రెండుసార్లు మార్చాను, ఆ పాత కేబుల్‌నే కొత్త ఎస్‌ఎస్‌డీకి మళ్ళీ తగిలించాను.

మరి ఓఎస్ వేసిన ప్రతిసారీ కొన్నాళ్ళు ఎందుకు బాగుపడింది? సీపీయూ నా దగ్గరికి వచ్చినప్పుడల్లా మూత తీసి, తవుడు దుమ్ము బ్లోయర్‌తో ఊది, కేబుళ్ళు ఒకసారి పీకి మళ్ళీ పెట్టేవాణ్ణి. ఆ పీకి పెట్టడంలో రేకుల మీది పొర కాస్త గీసుకుపోయి కాంటాక్ట్ దొరికేది. పేరు మాత్రం కొత్త విండోస్‌కి వచ్చేది. మన డెల్టాలో తేమ ఎక్కువ, నరసాపురం, అంతర్వేది వైపయితే ఉప్పు గాలి కూడా తోడు, రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో పెట్టిన సిస్టమ్ సంగతి చెప్పక్కర్లేదు. మళ్ళీ పొర పడుతుంది, మళ్ళీ మొదలు.

ఇలా డిస్క్‌తో మాట తెగినప్పుడు ఏ ఓఎస్ ఏం చేస్తుందో తెలిస్తే ఎవరినీ తప్పుబట్టరు. విండోస్ మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఓపిక పడుతుంది, మనకి హ్యాంగ్‌లా కనిపిస్తుంది. ఉబుంటు, మింట్ లాంటి లినక్స్‌లు అయితే ఫైల్ సిస్టమ్‌లో తప్పు కనిపించగానే ఉన్న డేటా పాడవకుండా రాయడమే ఆపేస్తాయి, రీడ్ ఓన్లీ అన్నది అదే. ఇది చూసి లినక్స్ నమ్మకం లేనిదని ఒకాయన, అది చూసి విండోస్ చెత్తదని ఇంకొకాయన. విండోస్ కూడా చెప్పింది, నేనే చూడలేదు. విండోస్ తన తప్పుల్ని రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే స్టోర్‌ఏహెచ్‌సీఐ (storahci) పేరుతో 129, డిస్క్ పేరుతో 153 అని హెచ్చరికలు ఉంటాయి. మీరు ఆగిందన్న టైముకీ వాటి టైముకీ సరిపోతే ఇంక అనుమానం అక్కర్లేదు.

ఎలా తేల్చుకోవాలి, ఏం చేయాలి

ముందు ముఖ్యమైన ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకో ఇంకో డిస్క్‌లోకో కాపీ చేయండి. చెక్ డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ కమాండ్) కొట్టడం తర్వాత, కాపీ ముందు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద చెక్ డిస్క్ నడిపి ఉన్నది కూడా పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్ వేసుకోండి, ఉచితమే. పైన నీలం రంగులో గుడ్ అని చూసి మూసేయకండి, మనల్ని మోసం చేసేది అదే, ఎందుకంటే కేబుల్ తప్పుల్ని ఆ గుడ్ లెక్కలోకి తీసుకోదు. కింద సీ7 అనే వరస చూడండి, అల్ట్రా డీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ (smartctl) కమాండ్‌తో చూస్తే అదే 199వ వరస. కేబుల్ దారిలో ఎన్నిసార్లు డేటా చెడిందో ఆ అంకె చెప్తుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో రా వాల్యూ మామూలుగా హెక్స్‌లో ఉంటుంది, సెట్టింగుల్లో డెసిమల్‌కి మార్చుకోండి, లేకపోతే అక్షరాలు చూసి కంగారు పడతారు.

ఆ అంకె కేబుల్ మార్చినా సున్నాకి రాదు. అది డిస్క్ పుట్టిన దగ్గర్నుంచి పడ్డ మొత్తం. అందుకని ఈరోజు అంకె ఒక కాగితం మీద రాసి కేబినెట్ లోపల అంటించండి. కరెంటు తీసి, ఇనప క్లిప్పు ఉన్న కొత్త కేబుల్ వేయండి, బోర్డు మీద ఇంకో సాటా పోర్టుకి తగిలించండి, మడత పెట్టి రబ్బరు బ్యాండు వేయకండి. వారం వాడి మళ్ళీ చూడండి. కదల్లేదా, అయిపోయింది. ఇంకా పెరుగుతుంటే డిస్క్‌కి వెళ్ళే పవర్ పిన్ను, మధ్యలో ఉన్న కన్వర్టర్ ముక్క, ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) చూడండి. సీ7 కదలకుండా 05, సీ5 వరసలు (డిస్క్ లోపల పాడైన చోట్లు, చదవలేకపోతున్న చోట్లు) పెరుగుతుంటే మాత్రం డిస్క్‌దే తప్పు, మార్చేయండి.

పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి ఇదే పని చేసే పల్చటి రిబ్బన్ ఉంటుంది, అది కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డు మీదే బిగించే ఎస్‌ఎస్‌డీ) అయితే కేబుల్ లేదు, స్క్రూ బిగువు చూస్తే చాలు. ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది, ఈ గొడవ లేదు, కానీ చెడితే డిస్క్ తీసి మార్చే దారి కూడా లేదు.

ర్యామ్ చెడడం, బయోస్ సెట్టింగు, వైరస్, ఇవీ ఉంటాయి, అరుదు. ర్యామ్ మీద అనుమానం ఉంటే రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి వదిలేయండి.

అంతా సరిచేశాక ఓఎస్ సంగతి

సీ7 అంకె వారం పాటు కదలకుండా ఉన్నాకే ఈ ప్రశ్న వేసుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకి సెక్యూరిటీ అప్‌డేట్ల పొడిగింపు 2026 అక్టోబర్ 13 దాకానే. విండోస్ 11కి టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) కావాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. అడ్డదారిలో పాత మెషీన్ మీద ఎక్కించమని అడుగుతారు, లెక్కలు రాసే సిస్టమ్‌లో నేను ఆ పని చేయను. బ్రౌజర్, వాట్సాప్, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే అయితే పాత సిస్టమ్‌లో మింట్ హాయిగా నడుస్తుంది, మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. టాలీ, ఫ్లెక్సీ షాపుల్లో వాడే అను ఫాంట్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, వేలిముద్ర మెషీన్, వీటిలో ఏది ఉన్నా విండోస్‌లోనే ఉండండి.

ఆ మిల్లు సిస్టమ్‌కి టాలీ కోసం మళ్ళీ విండోసే వేశాను, కేబుల్ మాత్రం కొత్తది. మొన్న దుమ్ము ఊదడానికి మూత తీస్తే లోపల నేను అంటించిన చీటీ మీద 1846 అని ఉంది. ఆన్ చేసి సీ7 చూశాను, 1846.