గాలివాన లెక్క – మూడో పాఠం: పుట్టిన నెల, పుట్టిన చోటు

తుఫాను ఎక్కడుందో గుర్తు పెట్టే గ్రాఫు కాగితం ముందు పెట్టుకోండి. ఇంకా గీయనివాళ్ళు ఇప్పుడే గీసేయండి. అడ్డంగా తూర్పు రేఖాంశం 80 నుంచి 98 దాకా, నిలువుగా ఉత్తర అక్షాంశం 5 నుంచి 22 దాకా, డిగ్రీకి ఒక సెంటీమీటరు. దాని మీద ఆరు చుక్కలు పెట్టండి: గోపాల్‌పూర్ 19.3, 84.9; పారాదీప్ 20.3, 86.7, కళింగపట్నం 18.3, 84.1, విశాఖ 17.7, 83.3, చెన్నై 13.1, 80.3; పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) 11.7, 92.7. అక్షాంశం ముందు, రేఖాంశం తరవాత. 84.9 అంటే 84 డిగ్రీల 9 నిమిషాలు కాదు, 85కి ఒక మిల్లీమీటరు ఇవతల. ఈ తప్పు చాలామంది చేస్తారు.

'బంగాళాఖాతంలో అల్పపీడనం' అన్న వార్త ఏడాదిలో ఎన్నోసార్లు వస్తుంది. తుఫాను దాకా వెళ్ళేవి కొన్నే. అరేబియా సముద్రం, బంగాళాఖాతం రెండూ కలిపినా ఏడాదికి సగటున అయిదు. వాటిలో నాలుగు మన వైపువే. వార్త రాగానే ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో ఉన్నవాళ్ళు వేసుకోవలసిన ప్రశ్నలు రెండే: ఇది ఏ నెల? ఏ మూల పుట్టింది?

ముందు నెల సంగతి. సముద్రం వేడెక్కితే తుఫాను పుడుతుందని అందరూ అంటారు. అది సగం మాటే. వెచ్చదనం పైపైన ఉంటే చాలదు. 26.5 డిగ్రీల సెల్సియస్ దాటిన నీరు కనీసం 50 మీటర్ల లోతు దాకా ఉండాలి. లేకపోతే గాలి సముద్రాన్ని చిలికి అడుగునున్న చల్లనీటిని పైకి తెస్తుంది, తుఫాను తన పొయ్యి తానే ఆర్పుకుంటుంది. మరి జులైలో కూడా బంగాళాఖాతం వెచ్చగానే ఉంటుంది కదా, అప్పుడు తుఫానులు ఎందుకు రావు?

గాలుల వల్ల. నైరుతి ఋతుపవనాల కాలంలో కింద గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది. పైన, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి ఇంకా జోరుగా వీస్తుంది. కుండల దొంతరలో అడుగు కుండను ఒక వైపుకి, పై కుండను ఎదురు వైపుకి తోస్తే దొంతర నిలుస్తుందా? తుఫాను మేఘం నిటారుగా నిలవాలి, అప్పుడే వేడి నడిమధ్యన పోగవుతుంది. అందుకే జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా మన ఎదురుగానే, వాయవ్య బంగాళాఖాతంలో, అల్పపీడనాలు వరసగా పుట్టినా చాలావరకు తుఫానుకు ముందు మెట్టయిన వాయుగుండం దగ్గరే ఆగిపోతాయి. గాలి కంటే వాటి వానే ఎక్కువ: వంశధారకు వరద తెచ్చేవాటిలో ఇవీ ఉన్నాయి.

పైగాలి, కిందిగాలి తగువు తగ్గే కాలాలు రెండు: ఏప్రిల్-మే ఒకటి, అక్టోబరు-డిసెంబరు ఒకటి. అల్పపీడనాలు పుట్టే ద్రోణి (తక్కువ పీడనం ఉండే పొడవాటి పట్టీ) సూర్యుడి వెంట ఉత్తరానికి వెళ్ళి దక్షిణానికి తిరిగొస్తుంది, దాంతో పుట్టే చోటూ మారుతుంది. మేలో పుట్టేవి ఎక్కువగా అండమాన్ వైపు, ఆగ్నేయ బంగాళాఖాతంలో. వాటిలో చాలా వాటి దారి బెంగాల్, బంగ్లాదేశ్, మయన్మార్ వైపు తిరుగుతుంది. అక్టోబరులో ఉత్తర అండమాన్ సముద్రం, తూర్పు మధ్య బంగాళాఖాతం. అక్కణ్ణుంచి వాయవ్యంగా గీత గీస్తే కాగితం మీద ఎక్కడ తగులుతుందో చూడండి: విశాఖకూ పారాదీప్‌కూ మధ్య. 1999 అక్టోబరులో పన్నెండు రోజుల తేడాలో రెండు, 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. దసరా చుట్టుపక్కల పందిళ్ళు వేసేవాళ్ళకి ఈ వరస కొత్తేమీ కాదు. నవంబరు వచ్చేసరికి ద్రోణి ఇంకా దిగిపోతుంది, ఎక్కువ భయం తమిళనాడు, దక్షిణ కోస్తాలకి. అలాగని నవంబరులో పడవ తీరాన వదిలేసి నిద్రపోమని కాదు.

5 డిగ్రీల దిగువన సాధారణంగా తుఫాను పుట్టదు, గాలిని సుడి తిప్పడానికి భూభ్రమణం ఇచ్చే మెలిక అక్కడ మరీ తక్కువ. మన గ్రాఫు 5 దగ్గరే మొదలవడానికి కారణం అదే. 2019 ఏప్రిల్ 26న ఫణి వాయుగుండంగా మారింది మాత్రం ఈ గీత కిందే! అలాంటిది వస్తే కాగితం అడుగున ఇంకో ముక్క అతికించుకోండి.

చోటు చెప్పేది గడువు. ఫణి అంత దూరాన పుట్టింది కాబట్టి పూరీ దగ్గర తీరం దాటేసరికి మే 3 అయింది. వారం రోజులు వెచ్చటి నీటి మీద నడిచి బలిసింది. ఉత్తర అండమాన్ సముద్రంలో అక్టోబరు 8న వాయుగుండమైన ఫైలిన్ 12 రాత్రికి గోపాల్‌పూర్ దగ్గరికి వచ్చింది. 2021లో గులాబ్ దగ్గర్లోనే పుట్టింది: సెప్టెంబరు 24న వాయుగుండం, 26 రాత్రి కళింగపట్నం, గోపాల్‌పూర్ మధ్య తీరం దాటింది. మా దృష్టిలో సెప్టెంబరు చివర పుట్టేవాటితోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. బలం తక్కువైనా వల తీసి, పడవ ఎక్కించి, కోసిన పంట కప్పుకోవడానికి వ్యవధి ఉండదు.

ఇక లెక్క. 14.0, 90.0 దగ్గర వాయుగుండం ఉందని వాతావరణ శాఖ బులెటిన్ చెప్పిందనుకోండి. చుక్క పెట్టి గోపాల్‌పూర్ దాకా స్కేలుతో కొలవండి: 7.4 సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 110 కిలోమీటర్ల చొప్పున సుమారు 810. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే 54 గంటలు. ఇక్కడ పొరపాట్లు రెండు. 'గంటకు 90 కిలోమీటర్ల వేగం' అన్నది గాలిది, తుఫాను నడకది కాదు. దానితో భాగించారో రెండు రోజుల వ్యవధి తొమ్మిది గంటలైపోతుంది. రెండోది, కొలిచింది నడిబొడ్డుకి. ఈదురుగాలి, వాన అంతకు చాలా ముందే మొదలవుతాయి. లెక్కలో సగం గడువే మీదనుకోండి. బులెటిన్‌లో సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే అయిదున్నర గంటలు కలపాలి: 0300 అంటే మన ఉదయం 8.30.

వచ్చే పాఠానికి పని: వాతావరణ శాఖ గురువారాల్లో రెండు వారాల ముందుచూపు విడుదల చేస్తుంది. అందులో వాయుగుండం పుట్టే అవకాశం ఏ మూల ఎంత అన్నారో చూసి, ఆ మూలను కాగితం మీద పెన్సిలుతో గీసి తారీఖు వేయండి. నాలుగు వారాలు అలా గీయండి, చెరపకండి.