శివారు పొలంలో మండువా విల్లా: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

హైదరాబాద్ శివార్లలోని చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు పొలాల్లో కడుతున్న కొత్త ఇళ్లలో మండువా, అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచే జాగా, మళ్లీ కనిపించడం ఎంతో సంతోషకరం. అయితే గదుల కొలతలన్నీ ఖరారయ్యాక మధ్యలో మిగిలిన జాగాను ఆకాశానికి వదిలేస్తే అది మండువా అనిపించుకోదు. ఎండ, గాలి, వాన ఎటు వచ్చి ఎటు పోవాలో ముందు తేల్చుకొని, ఆ తర్వాతే చుట్టూ గదులు అమర్చాలి. కింది ఇబ్బందుల్లో చాలావరకు ఈ వరుస తారుమారు కావడం వల్ల వచ్చినవే.

సమస్య: మండువా కొలిమిలా కాగుతోంది, రాత్రయినా చల్లబడదు

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది కనుక మే రెండో వారంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వస్తాడు; ఆ వేళ ఏ గోడా నీడనివ్వదు. మూడు గంటలకు మాత్రం 11 అడుగుల పడమటి గోడ దాదాపు 9 అడుగుల నీడను తూర్పుకు పరుస్తుంది. అందువల్ల ఒకే అంతస్తు ఇంట్లో 25 అడుగుల వెడల్పున మండువా వదిలితే, ఆ వేళకూ సగానికి పైగా నేల ఎండలోనే ఉంటుంది. చుట్టూ నిలువెత్తు అద్దాలు, కింద నల్ల గ్రానైట్ కూడా ఉంటే పగలు పీల్చుకున్న వేడి రాత్రంతా గదుల్లోకే వస్తుంది.

ఇంకా ప్లాన్ దశలో ఉన్నవారు తూర్పు పడమరల వెడల్పును 12 నుంచి 15 అడుగులకు పరిమితం చేసుకోవడం మేలు. ఇప్పటికే కట్టినవారు అద్దాల ముందు కనీసం 6 అడుగుల వసారా దించి, పడమటి పిట్టగోడను మరో 3 అడుగులు పెంచి, గ్రానైట్ కొంత తీసి ఆ మట్టిలో పారిజాతమో నందివర్ధనమో నాటాలి. మిగతా నేలకు గరుకు తాండూరు నాపరాయి చాలు. నునుపు చేసిన రాయి వానకు జారుతుంది.

కోతుల భయంతో పైన పాలీకార్బనేట్ షీటు బిగించడం చాలా చోట్ల జరుగుతున్న పొరపాటు. వేడి గాలి పైకి పోయే దారి మూసుకుపోయాక మండువా ఉండీ లేనట్టే. కోతులకు ఇనుప గ్రిల్ సరిపోతుంది. షీటు తప్పనిసరైతే దాన్ని పిట్టగోడ కంటే రెండడుగులు పైకి లేపి, నాలుగు పక్కలా తెరిచి ఉంచాలి.

సమస్య: పెద్ద వానకు నీళ్లు హాల్లోకి వస్తున్నాయి

ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 150 చదరపు మీటర్ల కప్పు మొత్తం లోపలికే వాలి, మండువా మరో 25 చదరపు మీటర్లుంటే, గంటలో 50 మిల్లీమీటర్లు కురిసినప్పుడు 8,750 లీటర్లు అక్కడికే చేరతాయి. ఆకులు అడ్డుపడిన ఒకే ఒక గొట్టం ఆ నీటిని మోయలేదు.

కప్పులో వీలైనంత భాగాన్ని బయటి వైపు వాల్చి, ఆ నీటిని సంపుకు మళ్లించాలి. మండువా నేల వసారా కంటే కనీసం 6 అంగుళాలు దిగువన ఉండాలి. 4 అంగుళాల గొట్టాలు రెండు వేసి, రెండోదాని నోరు కాస్త ఎత్తులో పెడితే మొదటిది మూసుకుపోయిన రోజున అదే ఇంటిని కాపాడుతుంది.

సమస్య: మండువా మూలల్లో గోడలు పగుళ్లిస్తున్నాయి

ఆ ప్రాంతంలో చాలా పొలాలు నల్లరేగడివి. ఈ నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. మండువాలో ఇంకిన నీరు లోపలి పునాదుల కింద తేమను పెంచుతుండగా బయటి పునాదుల కింద నేల ఎండిపోవడంతో ఇల్లు రెండు తీరులుగా కదులుతుంది. పగుళ్లకు సిమెంటు పూసి రంగు వేయడం వల్ల ప్రయోజనం లేదు. ముందు లీకయ్యే గొట్టాలు సరిచేసి, మొక్కల పాదులను గోడకు దూరం జరిపి, ఇంటి చుట్టూ గోడను ఆనుకొని బయటికి వాలే కాంక్రీటు పట్టీ (ఆప్రాన్) వేసి, ఇంకుడు గుంత పునాదికి దూరంగా ఉండేలా చూడాలి. కొత్త ఇంటికైతే మట్టి పరీక్ష చేయించి, స్ట్రక్చరల్ ఇంజినీరు సలహాతో రేగడిని తవ్వి మొరం నింపడమో, అండర్-రీమ్డ్ పైల్స్ (కింది భాగం ఉబ్బెత్తుగా ఉండే లోతైన కాంక్రీటు పునాది స్తంభాలు) వేయడమో నిర్ణయించుకోవాలి.

సమస్య: గాలి ఆడదు

వానాకాలంలో ఇక్కడ గాలి ప్రధానంగా పడమటి నుంచి వీస్తుంది. ఎత్తైన ప్రహరీ, పడమట కిటికీలు లేని గోడ దాన్ని ఆపేస్తాయి. పడమట నీడ పట్టున తక్కువ ఎత్తులో జాలీలు, తూర్పున వాటికి ఎదురుగా ఎత్తైన కిటికీలు పెట్టాలి.

సమస్య: పాములు, దోమలు

పొలం పక్క ఇంట్లోకి పాము మండువా నీరు బయటికి పోయే గొట్టం గుండా కూడా రావచ్చు. గొట్టం బయటి చివర స్టీలు జాలీ బిగించి, తొలకరికి ముందు విప్పి కడగాలి. నీరు నిలిచే తొట్లలో గంబూసియా చేపలు వదిలితే దోమ పిల్లలను తినేస్తాయి.